ఏడో ప్రశ్నకు రెండే గళ్ళు

ముప్పై సెకన్ల ప్రకటన అది. తెల్లటి గది, కిటికీకి తెల్లటి తెర, మధ్యలో నేలమీద పరిచిన పెద్ద పరుపు. తలుపు తోసుకుని ఒక తెల్ల గుర్రం లోపలికి వస్తుంది. పరుపును వాసన చూస్తుంది. ముందుకాళ్ళు మడుస్తుంది, వెనకకాళ్ళు మడుస్తుంది, ఒక్క నిట్టూర్పు విడిచి పక్కకు ఒరిగి కళ్ళు మూసుకుంటుంది. "నిలబడి నిద్రపోయేవాళ్ళు కూడా మా పరుపు చూస్తే పడుకుంటారు" అని ఒక మెత్తటి ఆడగొంతు అంటుంది. అంతే.

టీవీలో వచ్చిన మూడు రోజులకే ఆఫీసుకు నలభై రెండు ఫిర్యాదులు వచ్చాయి. అన్నీ వచ్చి డిగ్రీ బల్లమీద పడ్డాయి.

డిగ్రీ అంటే ఇక్కడ చదువు కాదు, మనిషి. వాళ్ళ ఇంటావంటా పదో తరగతి గడప దాటినవాళ్ళు లేరు. గుర్రాలకు గడ్డి వేసినవాళ్ళు, బండ్లు తోలినవాళ్ళు, బరువులు మోసినవాళ్ళు. అలాంటి ఇంట్లో ఒక పిల్ల పట్టా పుచ్చుకుని వచ్చేసరికి అసలు పేరు మూలన పడింది. "డిగ్రీ ఏదీ?", "డిగ్రీ తిన్నదా?", "ఆ టీవీ ఆపండిరా, డిగ్రీ పడుకుంది!" ఆ పేరు మొదలుపెట్టింది మేనమామ. వెక్కిరింపుగా మొదలై ముద్దుగా మిగిలింది.

వినోదానికీ వ్యాపార ప్రకటనలకూ జంతువుల్ని వాడకూడదని ప్రచారం చేసే సంఘంలో ఆమెకు ఉద్యోగం. మేడమీద రెండు గదులు. ఒక గదిలో సంఘం నడిపే మేడమ్, ఇంకో గదిలో మిగతా అందరూ. గోడలనిండా పోస్టర్లు: టోపీ పెట్టిన కోతి, రంగులు పూసిన ఏనుగు, అద్దాల పెట్టెలో చేప. ఫిర్యాదు వస్తే ఫైలు తెరవడం, చోటుకు వెళ్ళి చూడడం, పత్రం నింపడం డిగ్రీ పని. పత్రంలో పది ప్రశ్నలు. ఏడోది: జంతువుకు మత్తుమందు ఇచ్చారా? పక్కన రెండు గళ్ళు. అవును. కాదు.

మేడమ్ ఆ ప్రకటన అందరికీ వేసి చూపించింది. గుర్రం తల తిప్పిన చోట డిగ్రీ ముందుకు వంగి చూసింది. ఎడమ చెవి కొసన అర్ధచంద్రంలా చిన్న గాటు. ఆ గాటు ఎలా పడిందో ఆమెకు తెలుసు. రేకుల షెడ్డు మేకు గీరుకుంటే పసుపు అద్దింది తనే, తొమ్మిదేళ్ళప్పుడు.

అది వెండి. మామయ్య గుర్రం.

"ఇరవైమంది మనుషులు, నెత్తిమీద లైట్లు, పరాయి చోటు," అంది మేడమ్. "గుర్రం అలాంటి చోట పడుకోదు. నమ్మకం లేనిచోట అది ఒరగనే ఒరగదు. సూది వేసి పడగొట్టారు. నేను పందెం కాస్తాను."

సంఘం తరపు పశువుల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, "పందేలు తర్వాత. వేసి ఉండొచ్చు, వేయకపోయీ ఉండొచ్చు," అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. రెండు వైపులా తలూపుతాడు, రెండూ నిజమే అనిపిస్తాయి.

"అందుకేగా విచారణ! అమ్మాయ్, శుక్రవారానికి రిపోర్టు కావాలి. అవును అని తేలితే పోలీసులకు ఇద్దాం. గుర్రాన్ని అక్కణ్ణించి తీసుకొచ్చి సంరక్షణ కేంద్రంలో పెడదాం. ఆ యజమాని ఎవడో గాని, వాడి చేతికి మళ్ళీ దొరకకూడదు."

"సరే మేడమ్," అంది డిగ్రీ. ఆ యజమాని ఎవడో చెప్పడానికి నోరు తెరిచింది, మూసింది. ఉద్యోగంలో చేరేటప్పుడు మామయ్య ఏం చేస్తాడని అడిగితే "రవాణా" అని చెప్పింది. అబద్ధం కాదు. గుర్రం మనిషిని ఇక్కణ్ణించి అక్కడికి చేరుస్తుంది కదా. కాని ఇప్పుడు ఆలోచిస్తే నిజం కూడా కాదనిపించింది.

మామయ్య వైపు సంగతి ఇంకా విచిత్రం. "మా మేనకోడలు జంతువుల ఆఫీసులో ఆఫీసరు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. జంతువులకు సినిమాల్లో, ప్రకటనల్లో అవకాశాలు ఇప్పించే ఆఫీసు అనుకుంటున్నాడాయన. "వెండి గురించి మీ వాళ్ళ చెవిన వేశావా?" అని కలిసినప్పుడల్లా అడుగుతాడు. మొదట్లో డిగ్రీ విడమర్చి చెప్పింది. "అవకాశాలు ఇవ్వడం కాదు మామయ్యా, ఆపడం." ఆయన పగలబడి నవ్వాడు. "ఆపడానికి జీతమిచ్చి ఆఫీసు పెడతారా ఎవరైనా? పిచ్చిమొహమా, నిన్ను ఆటపట్టిస్తున్నారే!" తర్వాత ఆమె చెప్పడం మానేసింది.

మర్నాడు పొద్దున్న ఫైలు సంచీలో పెట్టుకుని మామయ్య దగ్గరికి బయల్దేరింది. మోటారు రిపేరు షెడ్ల వరసలో చివరిది గుర్రంసాల. ఒక పక్క సుత్తి మోత, వెల్డింగు మెరుపులు. ఇంకో పక్క ఎండుగడ్డి వాసన. ఆ రెంటి నడుమ పెరిగిన గుర్రం కనక వెండి దేనికీ ఉలిక్కిపడదు. డిగ్రీ రాగానే మెడ చాచి సంచీని ముట్టెతో పొడిచింది. అందులో ఏమైనా తెచ్చిందేమోనని. తెచ్చింది ఫైలే.

మామయ్య నడుముకు పట్టీ బిగించుకుని స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. "రావే డిగ్రీ! చూశావా మనదాన్ని? టీవీ నిండా అదే! ఈ షెడ్లవాళ్ళంతా నాకు కాఫీలు పోస్తున్నారే!"

"చూశాను మామయ్యా. అది ఎలా పడుకుంది?"

"ఎలా పడుకుంటుంది? నేను పడుకున్నాను, అది పడుకుంది. నువ్వు చూడలేదూ చిన్నప్పుడు?"

చూసింది. మధ్యాహ్నాలు మామయ్య గడ్డిలో మొహంమీద తుండు కప్పుకుని వాలేవాడు. కాసేపటికి వెండి వచ్చి ఆయన చుట్టూ ఒక చుట్టు తిరిగి, పక్కనే కాళ్ళు మడిచేది. వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని లెక్కల పుస్తకం పట్టుకుని ఈమె. ఒక పక్క మామయ్య గురక, ఇంకో పక్క గుర్రం గురక. ఎక్కాలు ఆ రెండు గురకల తాళానికే వచ్చాయి. ఆ మాట ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి చెప్పగలదు. ఆయన పడుకుంటే అది పడుకుంటుంది.

"అంటే మందేమీ వేయలేదు కదా?"

"మందా?" మామయ్య మొహం మారింది. "నా గుర్రానికి నేను మందు వేస్తానటే?"

"నేననడం లేదు మామయ్యా. పత్రంలో ఉంది."

"ఆ పత్రంవాడికి చెప్పు, నేను కెమెరాకు కనపడకుండా పరుపుకు అటువైపు పడుకున్నానని. అయిపోయింది."

డిగ్రీ సంచీలోంచి పత్రం తీసింది. ఏడో ప్రశ్న దగ్గర 'కాదు' గడిలో గుర్తు పెట్టేయబోయింది. ఇంతలో లోపల్నుంచి అత్తయ్య పిలిచింది, కాఫీ తీసుకెళ్ళమని. వెళ్తే అత్తయ్య కాఫీ ఇవ్వలేదు, చెయ్యి పట్టుకుంది.

"ఆయన చెప్పింది రాసేశావా?"

"ఇంకా లేదు."

"రాయకు. ఆ షూటింగుకు ఆయన వెళ్ళలేదు. ఆ వారమంతా నడుం పట్టేసి మంచం దిగలేదు. పక్కకి తిరగాలన్నా నేనే తిప్పాను. గుర్రాన్ని తీసుకెళ్ళింది నేను."

డిగ్రీ గోడకు ఆనుకుంది. "మరి నువ్వు పడుకున్నావా అత్తయ్యా, పరుపు పక్కన?"

"నేను పడుకుంటే అది పడుకుంటుందటే? నన్ను చూస్తేనే దానికి చికాకు. పాతికేళ్ళ సవతి పోరు మాది!" అని నవ్వబోయి ఆపుకుంది. "పొద్దున్న ఆరింటికి నిలబెట్టారు. మధ్యాహ్నం దాకా లైట్లు సరిచేశారు. మళ్ళీ నిలబెట్టారు. సాయంత్రం నాలుగైంది. అప్పుడు దానంతటదే కూలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

"కూలబడిందా, పడుకుందా?"

"రెంటికీ తేడా ఏం కనిపిస్తుందే నాకు? కాళ్ళు మడిచింది, పక్కకు ఒరిగింది."

"మందు ఎవరూ వేయలేదు కదా?"

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడింటప్పుడు ఒకతను సంచీ పట్టుకుని వచ్చాడు. ఎండలో నీరసిస్తుంది, విటమిన్ ఇస్తాం అన్నాడు. నువ్వు వెళ్ళి కాఫీ తాగి రామ్మా అన్నాడు. నేను వెళ్ళాను. వచ్చేసరికి అతను లేడు. ఇచ్చాడో లేదో, ఇస్తే ఏమిచ్చాడో నాకు తెలియదు. అడగలేదు. అడిగితే నన్ను ఏమీ తెలియనిదాన్ని అనుకుంటారని." గొంతు తగ్గించింది. "మామయ్యకు చెప్పకు. వాళ్ళు ఆయనకే ఫోన్ చేసి మెచ్చుకున్నారు. తనే వెళ్ళాననుకుంటున్నాడు ఇప్పుడు. నాతో కూడా అలాగే అంటున్నాడు, నేను పడుకున్నాను, అది పడుకుంది అని. నేనేమని ఖండించను?"

డిగ్రీ ఇంక అక్కడ పత్రం తీయలేదు. బస్సులో వస్తూ తీసింది, మళ్ళీ మడిచింది. మందు వేశారా? తెలియదు. అలసి పడిందా? కావచ్చు. అలసి పడితే ఏడో ప్రశ్నకు జవాబు 'కాదు' అవుతుంది, అప్పుడు ఏ తప్పూ జరగనట్లు అవుతుంది. పది గంటలు నిలబెట్టడం గురించి పత్రంలో ప్రశ్నే లేదు. 'అవును' అంటే వెండిని తీసుకుపోతారు. మామయ్యను దోషిని చేస్తారు, ఆ రోజు మంచంమీద ఉన్న మనిషిని. అత్తయ్య మాట నిజమా, మామయ్య మాట నిజమా అంటే అత్తయ్యదే. మరి మామయ్య అబద్ధమాడాడా? ఆయన మొహంలో అబద్ధం కనపడలేదు. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు వెళ్ళిపోయింది.

అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ అంతా విని ఒకే ఒక్క మాటంది. "పరీక్షనాడు బస్సులు ఆగిపోతే నిన్ను కాలేజీ గేటు దాకా మోసింది ఎవరే? గుర్రం దిగి లోపలికి పరిగెత్తావు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. తెల్ల గుర్రం దిగి పరీక్షకు వెళ్ళిన పిల్ల అని కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడు గంటలు వెండి గేటు దగ్గరే నిలబడింది. ఆ మూడు గంటలు కూడా ఎవరూ దాన్ని అడగలేదు.

మర్నాడు మేడమ్ గదిలోకి వెళ్ళి నిలబడి, "ఆ యజమాని మా మామయ్య మేడమ్," అని చెప్పేసింది. చెప్పాక ఉద్యోగం పోతుందని సిద్ధపడింది.

మేడమ్ తిట్టలేదు. "మా నాన్న సర్కసులో పులులకు మాంసం వేసేవాడు," అంది మెల్లగా. "నాకు చదువు ఆ పులుల వల్లే వచ్చింది. అవి ఎలా చచ్చిపోయాయో చూశాను కాబట్టే ఇక్కడున్నాను. నువ్వు చెప్పడం మంచిదైంది. ఇప్పుడు నువ్వు ఒక్కదానివే రాస్తే ఎవరూ నమ్మరు. పరీక్ష పెడదాం. ఆయన పడుకుంటే గుర్రం పడుకుంటుందన్నాడు కదా? డాక్టరు ముందు, మన వీడియో ముందు పడుకోబెట్టమను. పడుకుంటే మందు అక్కర్లేదని తేలుతుంది. పడుకోకపోతే ఇంకోటి తేలుతుంది."

చాలా సబబుగా అనిపించింది డిగ్రీకి. ఎంత సబబుగా అంటే, మామయ్యకు ఫోన్ చేసి "రేపు మా ఆఫీసువాళ్ళు వస్తున్నారు, వెండి పడుకోవడం చూస్తారట" అని హుషారుగా చెప్పింది.

అదే పొరపాటైంది. మామయ్యకు మళ్ళీ చెవిన పడింది ఆయన వినాలనుకున్నదే.

గురువారం వాళ్ళు వెళ్ళేసరికి గుర్రంసాల ముందు కళ్ళాపి చల్లి ఉంది. వెండికి స్నానం చేయించి, జూలు దువ్వి, నుదుటికి పూసల పట్టీ కట్టాడు. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడుం పట్టీ దానిమీదే బిగించుకున్నాడు. షెడ్లలో మెకానిక్కులు పనులు ఆపి వరసగా నిలబడ్డారు. మేడమ్‌కు మామయ్య వంగి దణ్ణం పెట్టబోయి నడుం పట్టి సగంలో ఆగిపోయాడు.

"డిగ్రీ, వీళ్ళేనటే మీ పెద్దవాళ్ళు? కూర్చోండమ్మా. ఏ వైపు నుంచి తీస్తారు బాబూ? దానికి కుడి వైపు అందం. చెవి గాటు కుడివైపునుంచి తీస్తే కనపడదు."

వీడియో తీసేవాడు డిగ్రీ వంక చూశాడు. డిగ్రీ నేల చూపులు చూసింది.

"మామయ్యా, ఇది షూటింగు కాదు. విచారణ."

"అదేలే. పేరేదైతేనేం."

మామయ్య గడ్డిలో మెల్లగా, ఒక చెయ్యి ఆనించి, మూలుగుతూ పడుకున్నాడు. మొహంమీద తుండు కప్పుకున్నాడు. "వెండీ, రా తల్లీ."

వెండి వచ్చింది. ఆయన చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వెండి ఆగి, ఆయన కాళ్ళు వాసన చూసి, తుండు కొస పళ్ళతో పట్టి లాగింది. పడుకోలేదు.

"రా అమ్మా. రా."

మెకానిక్కుల్లో ఒకడు, "అన్నా, పరుపు వేయాలేమో! అలవాటు పడింది!" అన్నాడు. నవ్వులు.

పది నిమిషాలు గడిచాయి. వీడియోవాడు, "ఎండ తిరిగింది మేడమ్. గుర్రం మొహం నల్లగా వస్తోంది. ఇటువైపు తిప్పి మళ్ళీ మొదట్నుంచి చేద్దామా?" అన్నాడు.

"చేద్దాం," అంది మేడమ్. "అందరూ కొంచెం నిశ్శబ్దంగా ఉండండి."

మామయ్యను లేపారు. గుర్రాన్ని బయటికి తీసుకెళ్ళి మళ్ళీ లోపలికి తెచ్చారు. ఆయన మళ్ళీ పడుకున్నాడు. వెండి మళ్ళీ చుట్టు తిరిగింది. నిలబడింది. మూడోసారి మేడమే "ఇంకొక్కసారి, చివరిసారి" అంది. మామయ్య లేవలేక లేస్తుంటే అత్తయ్య తలుపు దగ్గర నోరు నొక్కుకుని నిలబడింది. ఆమె కళ్ళు డిగ్రీ కళ్ళను వెతుక్కున్నాయి. అచ్చం అలాగే ఉందే, ఆ రోజు కూడా ఇలాగే, అంటున్నట్లు.

"మేడమ్," అంది డిగ్రీ. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మనం ఇప్పుడు చేస్తున్నది ఏమిటి?"

మేడమ్ తిరిగి చూసింది. వీడియోవాడు కెమెరా దించాడు.

డాక్టరు ఒక్కడే కదిలాడు. వెళ్ళి వెండి ముందుకాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని మోకాళ్ళు నొక్కి చూశాడు. వెండి కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "వాచి ఉన్నాయి," అన్నాడు. "మడవాలంటే ప్రాణం పోతుంది దానికి. ఇది పడుకుని వారాలై ఉండాలి. గుర్రాలు నిలబడి కునుకు తీస్తాయి గాని, ఒళ్ళు మరిచి నిద్రపోవాలంటే పడుకోవాల్సిందే. దీనికి నిద్ర కరువైంది."

"మరి ఆ ప్రకటనలో ఎలా పడుకుంది?" అంది మేడమ్. "మందే కదా?"

"మందైనా కావచ్చు. నిద్రలేక నిలువునా కూలడమైనా కావచ్చు. ఇన్ని రోజుల తర్వాత రక్తంలో ఏమీ దొరకదు. నేను చెప్పలేను."

మామయ్య గడ్డిలోంచే అన్నాడు. "నేను చెప్పగలను కదయ్యా! నేను పడుకున్నాను, అది పడుకుంది." ఆయన అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి చివరికి అత్తయ్య మొహం దగ్గర ఆగాడు. అత్తయ్య తల దించుకుంది. మామయ్య తుండు మళ్ళీ మొహంమీదికి లాక్కున్నాడు.

డాక్టరు వాపుకూ నొప్పికీ మాత్రలు ఇచ్చి, దాణాలో కలిపి పూటకు రెండు పెట్టమన్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంకొకసారి అలా నిలబెడితే ఇది మళ్ళీ లేవదు," అన్నాడు.

ఆ మాట విన్నాకే అత్తయ్య డిగ్రీని పక్కకు లాగి చెప్పింది. "సోమవారం మళ్ళీ ఉందే. ఆ పరుపులవాళ్ళే, రెండో ప్రకటన. మీ మామయ్య మాట ఇచ్చేశాడు. పొద్దున్నే బండి పంపుతారు."

శుక్రవారం డిగ్రీ పత్రం ముందు పెట్టుకుని కూర్చుంది. ఏడో ప్రశ్న. 'అవును' అని గుర్తు పెడితే సోమవారం బండి రాకముందే వెండి సంరక్షణ కేంద్రానికి పోతుంది. ప్రాణం దక్కుతుంది. కాని అది అబద్ధం కావచ్చు. అక్కడ తెలియని చోట, తెలియని మనుషుల మధ్య అది ఎప్పటికైనా పడుకుంటుందా? 'కాదు' అని పెడితే మామయ్య పరువు నిలుస్తుంది. వెండి బండెక్కుతుంది. అదీ అబద్ధం కావచ్చు. చదువుకున్నదానివి కదా, నీకే తెలియాలి అంటారు ఇంట్లో అందరూ. చదువు నేర్పింది ఒక్కటే, తెలియనిది తెలిసినట్లు రాస్తే సున్నా వేస్తారని.

రెండు గళ్ళూ వదిలేసింది. వాటి కింద ఖాళీలో "తెలియదు" అని రాసింది. ఆ కింద తెలిసినవి రాసింది. పది గంటలు నిలబెట్టారు. మోకాళ్ళు వాచి ఉన్నాయి. విచారణ పేరుతో మేమూ మూడుసార్లు ప్రయత్నించాము. యజమాని నాకు మేనమామ. సంతకం పెట్టింది.

మేడమ్ చదివి పత్రం బల్లమీద పెట్టింది. "ఈ 'మేమూ' అన్నది తీసేయమంటే తీసేస్తావా?"

"లేదు మేడమ్."

"తీయొద్దులే." నుదురు రుద్దుకుంది. "కాని 'తెలియదు' పట్టుకుని నేను పోలీసుల దగ్గరికి వెళ్ళలేను. గుర్రాన్ని తీసుకురాలేను. నువ్వు ఎవరికి న్యాయం చేశావో నాకు అర్థం కావడం లేదు."

"నాకూ అర్థం కావడం లేదు మేడమ్," అంది డిగ్రీ. అదొక్కటి మాత్రం పూర్తి నిజం.

సాయంత్రం మామయ్యకు ఫోన్ చేస్తే ఆయన ఒంటికాలిమీద లేచాడు. "తెలియదని రాశావా? నీకు తెలియదా? ఆ గురకల మధ్య పెరిగినదానివి, నీకు తెలియదా?" ఫోన్ పెట్టేశాడు. సోమవారం సంగతి అడగనేలేదు ఆమె. అడగడానికి సందే ఇవ్వలేదాయన.

సోమవారం తెల్లారగానే డిగ్రీ ఫైలు చంకన పెట్టుకుని గుర్రంసాలకు బయల్దేరింది. ఫైలు ఎందుకో తెలియదు. బండికి అడ్డం పడాలా? డ్రైవరుకు డాక్టరు చీటీ చూపించాలా? మామయ్య కాళ్ళమీద పడాలా? దారిపొడవునా మూడూ మార్చి మార్చి అనుకుంది. షెడ్లు ఇంకా తెరవలేదు. సుత్తి మోత లేకపోతే ఆ వరస ఎవరిదో పరాయి చోటులా ఉంది.

గుర్రంసాల తలుపు ఓరగా వేసి ఉంది. గుమ్మంలో అత్తయ్య. వేలు పెదవులమీద పెట్టుకుని చూపించింది.

లోపల గడ్డిలో మామయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహంమీద తుండు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన పక్కన, నాలుగు కాళ్ళూ మడిచి, మెడ చాచి, ముట్టె ఆయన భుజానికి ఆనించి వెండి పడుకుని ఉంది. కింది పెదవి వేలాడుతోంది. గురక.

"పిలిచాడా?" అంది డిగ్రీ గుసగుసగా.

"లేదే. నిన్న రాత్రి నుంచి నాతో కూడా మాట్లాడలేదు. ఇందాక వచ్చి ఊరికే పడుకున్నాడు. ఎవర్నీ పిలవలేదు. కాసేపటికి అదే వచ్చింది."

డిగ్రీ కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే కిటికీలో డాక్టరిచ్చిన మాత్రల సీసా కనిపించింది. సగం ఖాళీ. మూడు రోజులుగా దాణాలో కలుపుతున్నారు. నొప్పి తగ్గి పడుకుందా, మామయ్య పడుకున్నాడని పడుకుందా? మందు వల్లా, మనిషి వల్లా? ఇప్పుడు ఎవరైనా ఏడో ప్రశ్న అడిగితే ఏ గడిలో గుర్తు పెట్టాలి? కన్నీళ్ళు తుడుచుకుని నవ్వుకుంది. నవ్వెందుకో కూడా తెలియలేదు.

బయట బండి హారను మోగింది. వెండి చెవి ఒక్కటి కదిలింది. మామయ్య కదల్లేదు. ఊపిరి కూడా చిన్నగా తీస్తూ, పైకప్పు రేకులవైపే చూస్తూ, పెదవులు మాత్రం కదిపాడు.

"డిగ్రీ."

"ఆ, మామయ్యా."

"రాదని చెప్పిరా. లేపితే మళ్ళీ పడుకోదు."

"మాట ఇచ్చావు కదా?"

"నేనిచ్చాను. అదివ్వలేదు. నాకు తెలియదని చెప్పు. నువ్వు రాశావుగా, అలాగే," అన్నాడు. అందులో కోపం ఉందో లేదో ఆమెకు అంతుపట్టలేదు.

బయటికి వచ్చేసరికి డ్రైవరు బండి వెనక తలుపు తెరిచి గుర్రం ఎక్కడానికి చెక్క పలక దించుతున్నాడు. "ఏమ్మా, సిద్ధమా? తొందరగా, అక్కడ అందరూ వచ్చేశారు."

"రాదండి," అంది డిగ్రీ.

"రాదా? ఏమైంది?"

ఏం చెప్పాలో వెతుక్కుంది. దారిలో అనుకున్నవేవీ నోటికి రాలేదు. "పడుకుంది," అంది.

డ్రైవరు మొహం విప్పారింది. "పడుకుందా! మరి ఇంకేం? వాళ్ళకు కావలసింది అదే కదమ్మా! అక్కడ పరుపు వేసి కూర్చున్నారు అది పడుకుంటుందా లేదా అని!"

"అక్కడ కాదండి. ఇక్కడ పడుకుంది."

"ఇక్కడైతే ఏంటి, అక్కడైతే ఏంటి? పడుకోవడం పడుకోవడమే కదా?"

డిగ్రీకి తేడా ఉందని తెలుసు. ఆ తేడా ఏమిటో ఒక పత్రంలో రాయమంటే రాయడం ఆమె వల్ల కాదు. డ్రైవరు ఆమెను దాటుకుని తలుపు సందులోంచి తొంగిచూశాడు. అతని మొహం ఒక్కసారిగా మెత్తబడింది. "అబ్బ," అన్నాడు. "చిన్నపిల్లలా పడుకుందే." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒక్క ఫోటో అమ్మా. ఒక్కటే. మా ఇంట్లోవాళ్ళకి చూపిస్తాను. రాలేదంటే వాళ్ళకీ నమ్మకం కుదరాలి కదా."

అదే సమయంలో సంచీలో తన ఫోన్ మోగింది. మేడమ్. తీయకపోయినా ఆమె ఏమడుగుతుందో డిగ్రీకి తెలుసు. గుర్రం ఎలా ఉంది? బండెక్కిందా? లేకపోతే ఒక ఫోటో పంపు, అందరికీ చూపిద్దాం. మంచి మాటే అది. ఈ ఫోటో పోస్టరు మీద పెడితే వేలమంది సంతకాలు పెడతారు.

డ్రైవరు ఫోన్ పైకెత్తాడు. డిగ్రీ చంకలో ఉన్న ఫైలు తీసి తలుపు సందుకు అడ్డంగా పెట్టింది.

"ఏంటమ్మా? ఫోటోకు దానికి నొప్పా?"

"తెలియదండి," అంది డిగ్రీ. ఫైలు మాత్రం తీయలేదు. సంచీలో ఫోన్ మోగి మోగి ఆగింది. ఫైలు అట్ట వెనకనుంచి రెండు గురకలు వినిపిస్తున్నాయి. మామయ్య కళ్ళు ఎప్పుడు మూసుకున్నాడో.